ఎంతవుతుందో ముందే చెప్పండి డాక్టర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను మల్కాజిగిరిలో ఉంటానండి, ఒక చిన్న ప్రైవేట్ స్కూల్లో పిల్లలకి మ్యాథ్స్ చెప్తాను. మీ పేపర్ మా ఇంటికి చాలా ఏళ్ళ నుంచి వస్తుంది గానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. సిటీ పేజీలో అప్పుడప్పుడు కుక్కల షోలు, పెట్ కేఫ్‌లు, కొండాపూర్ డాగ్ పార్కు లాంటివి ఫోటోలతో వస్తుంటాయి, చూడ్డానికి బాగుంటాయి, మా పాప కట్ చేసి దాచుకుంటుంది కూడా. కానీ ఆ కుక్కకి ఒక పెద్ద జబ్బు చేస్తే మాలాంటి ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ రాయట్లేదు, అందుకే రాస్తున్నా. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, ఏమనుకోకండి.

మా కుక్క పేరు లడ్డు. జాతి కుక్క ఏం కాదు, 2019లో వానల్లో మా గల్లీ చివర డ్రైనేజీ పైపు దగ్గర తడిసిపోయి వణుకుతుంటే మా పాప స్కూల్ బ్యాగులో పెట్టుకుని తెచ్చింది. అప్పట్నుంచి మాతోనే. మా అత్తమ్మ మొదట్లో గుమ్మం దాటనిచ్చేది కాదు, ఇప్పుడు పెరుగన్నం కలిపితే మొదటి ముద్ద దానికే. ఏడాదికోసారి రేబీస్ టీకా వేయిస్తాం, అంతకు మించి దానికి ఖర్చు పెట్టింది లేదు, అది మమ్మల్ని అడిగిందీ లేదు.

మొన్న జూలైలో ఒక శనివారం తిండి మానేసింది. ఎండ పోయి వానలు పడ్డాయి కదా అలాగే ఉంటుందిలే అనుకున్నాం. ఆదివారం ఒళ్ళు కాలిపోతుంది. నిజం చెప్తానండి, అప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలని నాకు తెలుసు. తీసుకెళ్ళలేదు. ఎందుకంటే పక్క అపార్ట్‌మెంట్ అక్క వాళ్ళ పిల్లికి ముప్పై వేలు అయ్యాయని ఎప్పుడో చెప్పింది, ఆ అంకె నా తలలో అట్లా కూర్చుంది. నెలాఖరు, స్కూల్ జీతం ఇంకా పడలేదు. ఇంట్లో ఉన్న డోలో సగం ముక్క చేసి బెల్లంలో పెట్టి వేశాను. తర్వాత డాక్టర్ తిట్టారు, మనుషుల జ్వరం మాత్రలు కుక్క లివర్ని పాడుచేస్తాయంట, పిల్లికైతే పారాసిటమాల్ అరమాత్ర కూడా ప్రాణం తీస్తుందంట. ఇది చదివే వాళ్ళు దయచేసి గుర్తుపెట్టుకోండి, పిల్లికి ఎప్పుడూ వేయొద్దు, కుక్కకి కూడా డాక్టర్ చెప్పకుండా ఏదీ వేయొద్దు.

మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి లడ్డు ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది. నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంటే మా పాప టవల్ పట్టుకుని ఏడుస్తుంది, చిగుళ్ళు చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఆ టైంకి మాకు దగ్గర్లో తెరిచి ఉన్నది ఒక ప్రైవేట్ క్లినిక్. దాని పేరు రాయను, ఎందుకంటే వాళ్ళ మీద ఫిర్యాదు కోసం ఈ ఉత్తరం రాయట్లేదు, ఆ రాత్రి అక్కడ ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ రెండింటి దాకా నిలబడి లడ్డుని చూసింది, ఆమె రుణం తీర్చుకోలేను.

జబ్బు టిక్ ఫీవర్. గోమార్ల వల్ల వస్తుంది. హైదరాబాద్‌లో కుక్కలు పెంచేవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. గోధుమ రంగు గోమారి కుట్టినప్పుడు ఎర్లిషియా అనే బ్యాక్టీరియా ఎక్కుతుంది, కొన్నిసార్లు బబేసియా అనే ఇంకో క్రిమి కూడా, అది ఎర్ర రక్తకణాల్లోకి దూరి వాటిని పగలగొడుతుంది. మా లడ్డుకి రెండూ ఉన్నాయి. ప్లేట్‌లెట్లు కనీసం రెండు లక్షలు ఉండాల్సింది పద్దెనిమిది వేలు ఉన్నాయి, హిమోగ్లోబిన్ 12 ఉండాల్సింది 4.2 కి పడిపోయింది. మూడ్రోజుల ముందు తెచ్చి ఉంటే మాత్రలతో పోయేదేమో అని డాక్టరమ్మ మెల్లగా అంది. ఆ మూడ్రోజులు నేను ఎందుకు ఆగానో పైన రాశాను కదా, దాన్ని ఒక్క నిమిషం మనసులో పెట్టుకోండి, నేను చెప్పేదంతా దాని చుట్టూనే.

ఆ రాత్రి కౌంటర్ దగ్గర మా ఆయన "మొత్తం ఎంతవుతుందండి" అని అడిగారు. "ముందు స్టెబిలైజ్ కానీయండి సార్, తర్వాత మాట్లాడదాం" అన్నారు. మళ్ళీ అడిగితే ఆ కౌంటర్ అబ్బాయి మా ఆయన్ని చూసిన చూపు ఉంది చూడండి, అక్కడ కుక్క రక్తం కక్కుతుంటే మీకు డబ్బు గోలా అన్నట్టు. మా ఆయన మూడోసారి అడగలేదు. నేనూ అడగలేదు.

బుధవారం అడ్మిట్ చేశారు. వెయిటింగ్ హాల్లో కూర్చుని ఉంటే ఒక ఆటో ఆయన వచ్చాడు, ఖాకీ చొక్కా, చేతిలో తుండుగుడ్డలో చుట్టిన చిన్న కుక్కపిల్ల, రెండు మూడు నెలలుంటుందేమో, తెల్లది, చెవి మీద మచ్చ. వాంతులు, రక్త విరేచనాలు. లోపల కిట్ టెస్ట్ చేసి పార్వో అని చెప్పారు, కుక్కపిల్లల పేగుల్ని పాడుచేసే వైరస్ జబ్బు అది. ఆయన లోపలికి పోకముందే అడిగాడు "మేడం ఎంతైతది" అని. డాక్టర్ చూశాక తెలుస్తుంది అన్నారు. చూశాక చెప్పారు, రోజుకి మూడు వేలు, ఐదారు రోజులు ఉండాలి, ఇప్పుడు పది వేలు కట్టాలి అని. ఆయన ఏం వాదించలేదు. తుండుగుడ్డ సర్దుకుని "ఏటీఎంకి పోయొస్త మేడం" అన్నాడు. పోయాడు. రాలేదు.

ఒక గంట తర్వాత హాల్లో ఎవరో అన్నారు, పెంచలేనోళ్ళు ఎందుకు తెచ్చుకుంటారో అని. నేను కూడా తలూపాను. మనసులో కాదండి, నిజంగా తలూపాను, అందరూ చూస్తుండగా.

శుక్రవారం లడ్డుకి రక్తం ఎక్కించాలన్నారు. మనుషులకైతే బ్లడ్ బ్యాంకు ఉంటుంది, కుక్కకి ఎక్కడ్నుంచి తెస్తాం? వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం, ఎవరో ఎవరికో ఫార్వర్డ్ చేశారు, సఫిల్‌గూడ నుంచి ఒక కుటుంబం వాళ్ళ ల్యాబ్రడార్‌ని కార్లో తీసుకొచ్చారు. 32 కిలోలు ఉంది, నాలుగేళ్ళ వయసు, టీకాలన్నీ వేసి ఉన్నాయి. బరువు 25 కిలోలు దాటి ఉండాలి, ఏ జబ్బూ ఉండకూడదు, అలాంటి కుక్కే దాత అవ్వాలంట. మెడ దగ్గర కొంచెం బొచ్చు తీసి ఒక బ్యాగు రక్తం తీస్తుంటే అది వాళ్ళ అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది, కదల్లేదు. మొదటిసారి ఎక్కించేటప్పుడు కుక్కలకి అంత రియాక్షన్ రాదు, రెండోసారి అయితే మాత్రం మ్యాచింగ్ తప్పకుండా చూడాలి అని చెప్పారు. ఆ కుటుంబం ఒక్క రూపాయి తీసుకోలేదు, పెట్రోల్ డబ్బులు కూడా. ఆ ల్యాబ్రడార్ పేరు తెలుసు కానీ వాళ్ళని అడగకుండా రాయకూడదని ఆపుతున్నా.

ఆ సాయంత్రం బిల్లు చూస్తే నలభై వేలకి దగ్గరగా ఉంది. అప్పటికి మేం కట్టింది పదిహేను వేలు, ఇంట్లో ఉన్నది అంతే. కౌంటర్‌లో మిగతాది కట్టాలన్నారు. నా నోట్లోంచి వచ్చిన మాట ఏంటో తెలుసా అండీ, "ఏటీఎంకి వెళ్ళొస్తాను". అదే మాట. బయటికొచ్చి ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడ్డాను, ఏటీఎం పక్కనే ఉంది, కార్డు నా చేతిలోనే ఉంది, అకౌంట్లో ఆరు వందల చిల్లర ఉందని నాకు తెలుసు. ఇరవై నిమిషాలు అట్లాగే నిలబడ్డా. ఆ ఆటో ఆయన కూడా ఇక్కడే ఎక్కడో నిలబడి ఉంటాడు, తుండుగుడ్డలో ఆ పిల్ల మూలుగుతూ ఉంటుంది, నేను లోపల కూర్చుని తలూపాను.

నా రెండు గాజులు కుదవ పెట్టాం. మా అత్తమ్మే తీసిచ్చింది బీరువాలోంచి, మొదట "కుక్కకి బంగారం పెడతారా" అంది, పది నిమిషాలాగి తనే తాళం తీసింది. నలభై వేలు వచ్చాయి.

నేను లెక్కల టీచర్ని కదా, ప్రతిదీ నోట్‌బుక్కులో రాసుకున్నా. మొదటి రాత్రి ఎమర్జెన్సీ కన్సల్టేషన్ 1,500, రక్త పరీక్షలు 2,200, ఇంజెక్షన్లు సెలైన్ 1,850. మర్నాడు టిక్ ఫీవర్ పీసీఆర్ 4,500, స్కానింగ్ 1,800. అడ్మిషన్ రోజుకి 3,500 చొప్పున ఐదు రోజులకి 17,500. రక్తం ఎక్కించడానికి బ్యాగు, టెస్టులు, పర్యవేక్షణ అన్నీ కలిపి 12,000. లోపల వాడిన మందులు 14,200. డిశ్చార్జ్ అయ్యాక రెండుసార్లు బ్లడ్ టెస్ట్ 3,600. మొత్తం 59,150 రూపాయలు. నా జీతం 18,000, మా ఆయనది 27,000, ఇంటి అద్దె 11,000. ఇందులో నేను కోపంగా చూసే అంకె ఒక్కటీ లేదు, అది చెప్పాలి. రాత్రంతా మనిషి ఉండాలి, మెషిన్లు ఉన్నాయి, కరెంట్ ఉంది, ఆ డాక్టరమ్మ ఐదేళ్ళకి పైగా చదివి వచ్చింది. ఈ సేవల మీద జీఎస్టీ కూడా లేదు, అది ఒక మేలు. ఎక్కువ తీసుకున్నారని నేను అనట్లేదు.

ఇంకో సంగతి, లడ్డుకి చివరికి అసలు మందుగా ఇచ్చింది డాక్సీసైక్లిన్, 28 రోజులు. పాత మందు, చాలా చవక. జనరిక్ దొరుకుతుంది, జన ఔషధి కొట్లో డాక్టర్ రాసిచ్చిన చీటీ చూపిస్తే ఇస్తారు, అన్నం తిన్నాకే వేయాలి లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది. శనివారమే వెళ్ళి ఉంటే ఆ మందు, ఒక సెలైన్, ఒకటి రెండు టెస్టులు, మొత్తం ఐదారు వేలలో అయిపోయేదేమో. బిల్లుకి భయపడి మూడ్రోజులు ఆగినందుకు బిల్లు పదింతలైంది. ఆ భయం ఎక్కడ్నుంచి వచ్చింది అంటే ఎంతవుతుందో ఎక్కడా రాసి లేదు కాబట్టి వచ్చింది. పక్కింటి అక్క చెప్పిన ముప్పై వేలు ఒక్కటే నాకు తెలిసిన అంకె. కన్సల్టేషన్ ఇంత, రక్త పరీక్ష ఇంత అని గేటు దగ్గర బోర్డు మీద ఉండి ఉంటే, పోనీ ఒక పరీక్ష చేయించి చూద్దాం రెండు వేలేగా అని ఆదివారమే వెళ్ళేదాన్ని.

మాది జనగామ దగ్గర పల్లె. చిన్నప్పుడు మా బర్రెకి పొదుగువాపు వస్తే పశువుల డాక్టర్ బైకు మీద వచ్చేవాడు. మా నాన్న ఆయన బ్యాగు తెరవకముందే మొహమ్మీదే అడిగేవాడు, "సారూ, ఎంతైతది, బతుకుతదా" అని. రెండూ ఒకే ఊపిరిలో. డాక్టర్ కూడా ఏమీ అనుకునేవాడు కాదు, ఈ సూది ఇంత, నాలుగు రోజులు ఏస్తే నూటికి ఇంత ఆశ, లేకపోతే ఈ చవక మందుంది చూద్దాం అనేవాడు. అదేం ప్రేమ లేక అడిగింది కాదండి, ఆ బర్రె పోయిన రాత్రి మా నాన్న అన్నం తినలేదు. మరి సిటీకొచ్చేసరికి ఏమైందో, కుక్కని కొడుకంటాం, బిడ్డంటాం, పుట్టినరోజు చేస్తాం, బిడ్డకి జబ్బు చేస్తే ఎంతవుతుందని అడుగుతామా అని అడగడమే సిగ్గయిపోయింది. అడిగేవాడు పాపాత్ముడు, అడగనివాడు గాజులు కుదవ పెట్టుకునేవాడు, అడిగి సమాధానం విని తలదించుకుని వెళ్ళిపోయేవాడు ఆ ఆటో ఆయన. ఈ సిగ్గు వల్ల డాక్టర్లు కూడా నలిగిపోతున్నారు, డబ్బు మాటెత్తితే కసాయి అంటారు, ఎత్తకపోతే ఆఖర్న బిల్లు దగ్గర గొడవ. మేము డిశ్చార్జ్ రోజు చూశాం, ఒకాయన ఆ డాక్టరమ్మని నోటికొచ్చినట్టు తిట్టి వెళ్ళాడు, ఆమె బాత్రూమ్‌లోకి పోయి మొహం కడుక్కుని వచ్చి తర్వాతి కుక్కని చూసింది.

ఆమెనే తర్వాత చెకప్‌కి వెళ్ళినప్పుడు అడిగాను, ఆ పార్వో పిల్లకి వేరే దారి లేదా అని. ఉంది అంది. అడ్మిట్ చేసి రోజంతా డ్రిప్ పెట్టడం అన్నిటికన్నా మంచిది, కానీ అదొక్కటే కాదు. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని పరీక్షించి చూశారంట, మొదట ఒకసారి డ్రిప్ ఎక్కించి నిలబెట్టి, ఆ తర్వాత చర్మం కింద సెలైన్, ఒక యాంటీబయాటిక్, వాంతులకి ఇంజెక్షన్, ఇంటి దగ్గర చేసే పద్ధతిలో చూస్తే పది పిల్లల్లో ఎనిమిది బతికాయి, పూర్తిగా అడ్మిట్ చేసినవి పదిలో తొమ్మిది. తొమ్మిదికీ ఎనిమిదికీ తేడా ఉంది, కాదనను. కానీ ఎనిమిదికీ సున్నాకీ ఎంత తేడా అండీ! ఆ ఆటో ఆయనకి ఈ రెండో దారి ఎవరైనా చెప్పి ఉంటే, రోజూ ఆటోలో తెచ్చి సూది వేయించుకుని పోయేవాడు. ఆయనకి చెప్పింది రెండే, పది వేలు లేదా గేటు. మరి ఎందుకు చెప్పలేదు అంటే ఆమె నిజాయితీగా చెప్పింది, తక్కువ వైద్యం చెప్పి కుక్క చనిపోతే రేపు మామీదికే వస్తారు, అందుకే మంచిదే చెప్తాం అని. అది కూడా అర్థం చేసుకోవాల్సిందే. అందుకే కాగితం మీద ఉండాలి అంటున్నా. ఇది మొదటి దారి, ఇంత ఖర్చు, ఇంత ఆశ. ఇది రెండోది. ఇదీ వద్దంటే బాధ లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చడం, దానికి ఇంత. సంతకం పెట్టించుకోండి, పెడతాం.

మనుషుల ఆస్పత్రులకి 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం వచ్చింది, దాని రూల్స్‌లో ఏ సేవకి ఎంతో ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ కనపడేలా పెట్టాలని ఉంది. ఎంతమంది పెడుతున్నారనేది వేరే సంగతి, కనీసం అడగడానికి ఒక లైన్ ఉంది. ఆ చట్టంలో అల్లోపతీ, ఆయుర్వేదం, హోమియో, యునానీ అన్నీ ఉన్నాయి, పశువైద్యం లేదు. అంటే జంతువుల క్లినిక్‌లో రేట్ల బోర్డు పెట్టమని అడగడానికి ఆ లైన్ కూడా నా దగ్గర లేదు. బ్రిటన్‌లో 2023లో వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే అక్కడి కాంపిటీషన్ అథారిటీ వాళ్ళు పెట్ క్లినిక్‌ల రేట్ల సంగతి చేతిలోకి తీసుకున్నారు, ధరల జాబితా బయటపెట్టాలన్న మాట అక్కడ కూడా వచ్చింది. ఇక్కడ అంత పెద్ద విచారణ అక్కర్లేదు, మన రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్, పశుసంవర్ధక శాఖ కలిసి ఒక్క సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. గేటు దగ్గర తెలుగులో రేట్ల బోర్డు. అడ్మిట్ చేసేముందు రాతలో ఎస్టిమేట్. అది దాటబోతుంటే ముందుగా ఒక ఫోన్ కాల్. రేటు ఎంత పెట్టుకోవాలో వాళ్ళిష్టం, నేను తగ్గించమని కూడా అడగట్లేదు.

కొందరు అంటారని తెలుసు, మనుషులకే దిక్కు లేదు కుక్కల గోలేంటి అని. మా స్టాఫ్ రూమ్‌లోనే అన్నారు. నేను కుక్కకి ఆరోగ్యశ్రీ ఇమ్మని అడగట్లేదండి, అది మనుషులకే ఉండాలి, 2023 డిసెంబర్‌లో దాన్ని పది లక్షలకి పెంచితే సంతోషించినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఊళ్ళలో పశువుల కోసం 2017లో మొదలుపెట్టిన 1962 ఫోన్ నంబర్ వైద్యం బండ్లు కూడా పశువులకే ఉండాలి, మా నాన్నకి ఆ రోజుల్లో అలాంటి బండి ఉంటే ఆ బర్రె బతికేది. నేను అడిగేది ఉన్నదాన్ని ఇంకొంచెం సాగదీయమని. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ కాలేజీ ఆస్పత్రి ఉంది, నాకు ఈ రెండిటి సంగతీ లడ్డు ఇంటికొచ్చాకే తెలిసింది, అదీ సఫిల్‌గూడ వాళ్ళు చెప్తే. సిటీకి నాలుగు దిక్కులా ఒక్కొక్క ప్రభుత్వ పశువైద్యశాలలో రాత్రిపూట కూడా ఒక డాక్టర్, ఒక కాంపౌండర్, సెలైన్ స్టాండ్ ఉంటే, ఆ మంగళవారం రాత్రి లాంటివి ఎన్నో ఇళ్ళకి సగం ఖర్చులో గడిచిపోతాయి. చెన్నైలో మద్రాస్ వెటర్నరీ కాలేజీలో జంతువులకి బ్లడ్ బ్యాంక్ ఉంది, మన రాజేంద్రనగర్‌లో కనీసం దాత కుక్కల రిజిస్టర్ ఒకటి పెట్టినా చాలు, సఫిల్‌గూడ వాళ్ళలాంటి మంచివాళ్ళు చాలామంది ముందుకొస్తారు. కేంద్రం 2025 మార్చిలో పశు ఔషధి అని జనరిక్ పశువుల మందుల పథకం ఒప్పుకుంది, అది రైతుల కోసం పెట్టింది, మంచిదే, అలాంటి కౌంటర్ ఒకటి సిటీ పశువైద్యశాలల్లో కూడా పెడితే కుక్కలకీ పిల్లులకీ పనికొచ్చేవి అందులో చాలా ఉంటాయి.

ఇన్సూరెన్స్ గురించి కూడా చెప్తా, ఎందుకంటే నేను లేటుగా తెలుసుకున్నా. బజాజ్ అలియంజ్ 2020లో పెంపుడు కుక్కల పాలసీ తెచ్చింది, తర్వాత ఇంకొన్ని కంపెనీలు తెచ్చాయి, వీధి జాతి కుక్కలకి కూడా ఇచ్చేవి ఉన్నాయి. కానీ జబ్బు వచ్చాక తీసుకుంటే ఆ జబ్బుకి రాదు, మొదటి కొన్నాళ్ళు ఆగాలి, వయసు మీదపడితే కొత్తగా ఇవ్వరు, టీకాల కార్డు సరిగ్గా ఉండాలి. అంటే చిన్నప్పుడే తీసుకోవాల్సింది. మొదటి టీకాకి వెళ్ళినప్పుడు డాక్టర్లు ఈ ఒక్క మాట చెప్తే ఎంత బాగుండు. పాలసీ వద్దనుకుంటే మన ఆడవాళ్ళకి తెలిసిన దారి ఉండనే ఉంది, చీటీ. లేకపోతే పోస్టాఫీసులో ఆర్‌డీ, నెలకి ఐదు వందలు వేస్తే ఐదేళ్ళకి ముప్పై వేలు అసలు, పైన వడ్డీ. 2019లో లడ్డు పేరు మీద ఆర్‌డీ కట్టి ఉంటే నా గాజులు ఈ రోజు చేతికి ఉండేవి. ఇప్పుడు మొదలుపెట్టాను. గోమార్లకి నెలకో మూణ్ణెల్లకో వేసే నమిలే మాత్రలు కూడా ఉన్నాయి, ఖరీదు చూసి రెండేళ్ళు వాయిదా వేశా, 59,150 పక్కన పెట్టి చూస్తే అది చాలా చిన్న అంకె. ఇంటి గోడ పగుళ్ళలో, పరుపు కింద కూడా చూడాలి, ఆ గోమార్లు కుక్క ఒంటి మీద నుంచి దిగి అక్కడే వేలల్లో గుడ్లు పెడతాయి. కుక్కపిల్లలకి పార్వో టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొదలుపెట్టి పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి, ఒక్కసారి వేయించి వదిలేస్తే సరిపోదు.

డబ్బులేక జబ్బు కుక్కని రోడ్డు మీద వదిలేసేవాళ్ళు కూడా ఉన్నారు, మౌలాలి స్టేషన్ వైపు పొద్దున్నే నడిస్తే మెడకి పట్టీ ఉన్న కుక్కలు కనిపిస్తాయి. జంతుహింస నిరోధక చట్టం 1960 నాటిది, సరైన కారణం లేకుండా వదిలేయడం నేరమే, మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. యాభై రూపాయలు! ఆ జరిమానా పెంచాలని నేనూ అంటాను. కానీ పెంచినా ఆ ఆటో ఆయనలాంటి వాళ్ళకి ముందు ఒక దారి చూపించి ఆ తర్వాత జరిమానా వేయండి. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ 1992 నుంచి ఉంది, ఇంకా కొన్ని సంస్థలు ఉన్నాయి, వాళ్ళు దిక్కులేని జంతువుల కోసం పెట్టినవి, మా అందరి బిల్లులూ వాళ్ళ మీద వేయడం ధర్మం కాదు.

లడ్డు ఇప్పుడు బాగుంది. కొంచెం చిక్కింది, మెట్లు ఎక్కితే ఆయాసపడుతుంది, వచ్చే నెల ఇంకోసారి ప్లేట్‌లెట్లు చూడాలి, 1,800 పక్కన పెట్టాను. గాజులు విడిపించడానికి ఇంకా ఏడు నెలలు పడుతుంది. ఆ ఆటో ఆయన కోసం రెండుసార్లు ఆ క్లినిక్ సందులో ఉన్న ఆటో స్టాండులో అడిగాను, మచ్చ ఉన్న తెల్ల కుక్కపిల్ల ఎవరిదైనా ఉందా అని. ఎవరికీ తెలీదన్నారు.

ఎడిటర్ గారూ, మీకు ఒక మనవి. మీ సిటీ పేజీలో రక్తనిధి కేంద్రాల నంబర్లు, అంబులెన్స్ నంబర్లు ఒక డబ్బాలో వేస్తారు కదా, దాని కింద ఇంకో డబ్బా కట్టండి. సిటీలో ప్రభుత్వ పశువైద్యశాలలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ టైంకి తెరుస్తారు, ఏ టైంకి మూస్తారు, చీటీ ఎంత, ఏ పరీక్షలు అక్కడే చేస్తారు. మీ రిపోర్టర్ ఒక్క వారం తిరిగితే వచ్చే సమాచారం అది. ఆదివారం వేయండి, ఆదివారం ఇంట్లో అందరూ చదువుతారు, ఆటో స్టాండుల్లో కూడా మీ పేపర్ ఉంటుంది.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి ఒక టీచర్
హైదరాబాద్

(స్కూల్లో ఇబ్బంది లేకుండా పేరు వేయొద్దని కోరుతున్నాను.)